నల్ల రేకుపెట్టెలో వచ్చే ఆ మూడు బ్రాడ్‌హెడ్లు కొనకండి

అమ్మేవాడి పేరు రాయను. అవసరం కూడా లేదు. ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేటకు లాంగ్‌బో, రికర్వ్ లాంటి పాతకాలపు విల్లులు పట్టే మనవాళ్లు ఈ అమెరికాలో ఎందరున్నారని, వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మనలో ఆ నల్ల రేకుపెట్టె చూడనివాళ్లు ఉండరు, ఆ మనిషితో ఫోనులో మాట్లాడనివాళ్లూ ఉండరు. బాణం కొనకు బిగించే వెడల్పాటి అలుగులు, పెట్టెకు మూడు, ఒక్కోటి 200 గ్రెయిన్లు (సుమారు 13 గ్రాములు), సింగిల్ బెవెల్ (అంచుకు ఒక వైపే సాన), ఏ2 టూల్ స్టీల్, ఉక్కు ఎంత గట్టిదో చెప్పే రాక్‌వెల్ కాఠిన్యం 58, జీవితకాల హామీ. ఇప్పుడు గుర్తొచ్చింది కదా.

ఈ ఉదయమే అతనితో మాట్లాడి ఫోను పెట్టేశాను. చెయ్యి ఇంకా వణుకుతోంది. కోపం చల్లారాక రాద్దామనుకున్నాను గానీ, అప్పటికి ఇంకెవరో రెండు పెట్టెలు కొనేసి ఉంటారు.

కథ పెద్దది కాదు. నా విల్లు, నారి లాగడానికి 52 పౌండ్ల బలం పట్టే లాంగ్‌బో. కొలరాడోలో సెప్టెంబరు విల్లు వేటకు లైసెన్సు తీసుకున్నాను, ఆఫీసులో పది రోజులు సెలవు పెట్టాను, ఫ్లాట్ టాప్స్ కొండల్లో గుడారం వేశాను. రెండేళ్లుగా రోజూ పెరట్లో సాధన. మా ఆవిడ భాషలో చెప్పాలంటే, గడ్డి కోయని పెరట్లో సాధన. (ఇండియా నుంచి చదివేవాళ్లు తిట్టడం మొదలుపెట్టక ముందే చెబుతున్నాను: అక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం, ఉండాల్సిందే. ఇక్కడ లైసెన్సుల లెక్క, కోటాల లెక్క వేరు. బ్రాడ్‌హెడ్ మీద తయారీదారు కట్టే 11 శాతం కేంద్ర ఎక్సైజు పన్ను కూడా వన్యప్రాణుల సంరక్షణకే పోతుంది.)

కొనేముందు ఆ పెద్దమనిషి నాతో నలభై నిమిషాలు మాట్లాడాడు. నలభై! విల్లు బలం అడిగాడు, బాణం మొత్తం బరువు అడిగాడు, బాణం వెనక ఈకలు పక్షి ఎడమ రెక్కవా కుడి రెక్కవా అని అడిగాడు. ఎడమవి అన్నాను. అయితే ఎడమ బెవెల్ తీసుకోండి, ఈకలు తిప్పే వైపే అలుగు కూడా తిరగాలి, లేకపోతే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి అన్నాడు. నిజమే, అది సరైన సలహా. ఇంత తెలిసినవాడు మోసం చేస్తాడా అనుకున్నాను. తెలిసినవాడే కదా చేసేది, తెలియనివాడికి చేతనవుతుందా!

డాక్టర్ ఎడ్ ఆష్‌బీ పేరు అతని పేజీలో కనీసం పదిచోట్ల ఉంటుంది. ఆష్‌బీ దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో 1980లలో మొదలుపెట్టి, ఆ తర్వాత ఆస్ట్రేలియాలో నీటి గేదెల మీద ఏళ్ల తరబడి వేట బాణాలు పరీక్షించి చెప్పిన మొదటి మాట ఏమిటి? బాణం, దాని అలుగు చెక్కుచెదరకుండా నిలబడాలి, అది లేకపోతే మిగతా లక్షణాలేవీ పనికిరావు అని. సరిగ్గా ఆ మాట పక్కనే ఇతని బ్రాడ్‌హెడ్ బొమ్మ. ఇనుప పీపా రేకులోంచి దూసుకుపోయిన బొమ్మ ఒకటి, ఎండిన భుజం ఎముకలోంచి ఇవతలికి పొడుచుకు వచ్చిన బొమ్మ ఇంకొకటి. ఆ రెండో బొమ్మను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

పెట్టె వచ్చాక మొన చూశాను. సూదిలా సన్నగా ఉంది. మంచివాటికి మొన చివర ఉలిలా కాస్త మొద్దుగా కోసి ఉంటుంది, ఎముక తగిలితే వంగకుండా. అదే అడిగాను. ‘మా ఉక్కుకు ఆ అవసరం లేదు’ అన్నాడు. నేను తల ఊపాను. ఫోనులో తల ఊపితే ఎవరికి కనిపిస్తుందని!

మా అమ్మమ్మ సంతలో కత్తిపీట కొనేటప్పుడు గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకునేది. రెండోదీ మీటేది, మూడోదీ మీటేది. అమ్మేవాడు విసుక్కున్నా వదిలేది కాదు. మూడు రూపాయల కత్తిపీటకు ఆవిడ పెట్టిన శ్రద్ధ, 89 డాలర్ల పెట్టెకు ఇంజనీరింగ్ చదివిన మనవడు పెట్టలేదు. ఇంట్లో ఆకురాయి ఉంది. తీసి ఒక్కసారి అంచు మీద గీసి ఉంటే అయిదు క్షణాల్లో తేలిపోయేది.

ఏడో రోజు సాయంత్రం, ఆస్పెన్ చెట్ల అంచున, పదిహేడు గజాల దూరంలో మగ ఎల్క్ నిలబడింది. కొమ్ములకు అటు అయిదు, ఇటు అయిదు కొనలు. నేను నారి వదిలిన క్షణంలోనే అది అడుగు ముందుకు వేసింది. బాణం అనుకున్నచోటికి నాలుగు వేళ్లు ముందుగా, భుజం ఎముక మీద పడింది. ఆ తప్పు నాది, ఉక్కుది కాదు. దాని గురించి నన్ను ఎవరైనా ఎంత తిట్టినా పడతాను. కానీ బలమైన బ్రాడ్‌హెడ్ కొనేది అలాంటి క్షణం కోసమే కదా. గురి ప్రతిసారీ పక్కటెముకల మధ్యే పడేటట్లయితే పదునైన రేకుముక్క కూడా చాలు.

చప్పుడు వినగానే తెలిసిపోయింది. దిగిన చప్పుడు కాదది, పలకను కర్రతో కొట్టినట్టు టక్కుమంది. బాణం సగం బయటే వేలాడింది, మూడు దూకుల్లో ఊడి పడిపోయింది. చీకటి పడేదాకా ఆగి, టార్చి లైటుతో నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ వెళ్లాను. మూడు వందల గజాల తర్వాత చుక్కలు ఆగిపోయాయి. మర్నాడంతా, ఆ మర్నాడు మధ్యాహ్నం దాకా వాగు వెంట, పడిపోయిన చెట్ల సందుల్లో వెతికాను. కాకుల గుంపు ఎక్కడా వాలలేదు. భుజం మీది గాయమేగా, మానిపోతుంది అని తోడు వచ్చిన మిత్రుడు అన్నాడు. ఆ మాట నాకోసం అన్నాడో, నిజంగా నమ్మి అన్నాడో అడగలేదు. మిగిలిన మూడు రోజులు విల్లు ముట్టుకోకుండా గుడారం పీకేశాను.

బాణం మాత్రం దొరికింది. మొన చేపల గాలంలా వెనక్కి వంగిపోయి ఉంది. ఒక పక్క అంచు జంతికలా మెలి తిరిగింది. ఇంకో పక్క రెక్క మెడ దగ్గర అతుకు వీడి ఊగుతోంది. చాకు కొనతో ఆ అతుకు గోకితే పొడిపొడిగా రాలింది.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, ఎందుకంటే ‘మొన వంగితే ఏమైంది, బాణం వెళ్లాలి కదా’ అని ఒకాయన నన్ను అప్పుడే అడిగారు. నా బాణం 640 గ్రెయిన్లు, అంటే 41 గ్రాముల పైచిలుకు. సెకనుకు సుమారు 160 అడుగుల వేగం. దాంట్లో ఉన్న శక్తి 36 ఫుట్‌పౌండ్లు. చక్రాలు బిగించిన 70 పౌండ్ల కాంపౌండ్ విల్లు సులువుగా దీనికి రెండింతలు ఇస్తుంది. వాళ్ల దగ్గర తగలెయ్యడానికి శక్తి ఉంది, మన దగ్గర లేదు. ఉన్న కాస్త శక్తీ ఎముకను చీల్చడానికి పోవాలి. మెత్తటి ఉక్కు అయితే ఆ శక్తి అలుగు వంగడానికే ఖర్చయిపోతుంది, పైగా వంగిన మొన బాణాన్ని పక్కకు తిప్పేస్తుంది. తగలగానే తెరుచుకునే మెకానికల్ రకాలు మన విల్లులకు పనికిరావనేది కూడా ఇందుకే, తెరుచుకోవడానికే కొంత శక్తి తినేస్తాయి. పాతకాలపు విల్లుతో వేటాడేవాడికి అలుగు ఒక్కటే ఆస్తి. దాంట్లోనే నన్ను ముంచాడు.

ఇంటికి వచ్చాక, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు తీశాను ఆకురాయి. పెట్టెలో ముట్టని రెండింటిలో ఒకదాని మీద గీశాను. మంచి ఆకురాయి కాఠిన్యం 65 దాకా ఉంటుంది. 58 ఉన్న ఉక్కు మీద అది జారుతూ, కీచుమంటూ, అతి కష్టం మీద పట్టాలి. ఇక్కడ మాత్రం వంకాయలో కత్తి దిగినట్టు దిగింది. రజను కుప్పగా రాలింది. మిత్రుడు పనిచేసే మెషిన్ షాపులో రాక్‌వెల్ యంత్రం ఉంటే, బతిమాలి మూడు చోట్ల పెట్టించాను: 37, 41, 39. అమ్మింది 58 అని! బరువు కూడా తూచాను. వాడనివి రెండూ 187, 206. వంగిపోయినదాన్ని తుడిచి తూస్తే 194. మూడూ 200 అని పెట్టె మీద బంగారు అక్షరాలతో అచ్చు వేశాడు. పైన పటారం, లోన లొటారం.

ఇవన్నీ ఫోటోలు తీసి, మర్యాదగా ఉత్తరం రాసి పంపాను. మూడు రోజులు జవాబు లేదు. ఈ ఉదయం నేనే ఫోను చేశాను.

ముందు నన్ను గుర్తుపట్టనట్టే మాట్లాడాడు. నలభై నిమిషాలు నా ఈకల గురించి మాట్లాడిన మనిషి! ఫోటోలు చూశాను అన్నాడు. తర్వాత ఒక నిట్టూర్పు. ఆ తర్వాత అన్న మాట ఇది: ‘మీరు ఎముకకు కొట్టారు. ఎముకకు తగిలితే ఏ బ్రాడ్‌హెడ్ అయినా అంతే.’

ఒక్క క్షణం నాకు మాట రాలేదు. ఆ భుజం ఎముక బొమ్మ గుర్తుందా? అప్పుడు నా ఎదురుగా కంప్యూటర్ తెర మీద అదే తెరిచి ఉంది. ‘మీ పేజీలో ఉన్నది ఎముకే కదా’ అన్నాను. ‘అది ప్రదర్శన కోసం’ అన్నాడు. జీవితకాల హామీ మాటేమిటి అన్నాను. హామీ సాధన బోర్డుకు వాడితేనే వర్తిస్తుందట, జంతువు మీద వాడితే వర్తించదట. వేటకు అమ్మిన అలుగుకు, వేటాడితే హామీ పోతుంది. గొడుగుకు హామీ ఇచ్చి, వానలో తడిస్తే చెల్లదన్నట్టు.

కాఠిన్యం లెక్కలు చదివి వినిపించాను. ‘సాన పట్టేటప్పుడు మీరే వేడి చేసి పాడుచేసి ఉంటారు’ అన్నాడు. నేను పరీక్ష చేయించింది సాన రాయి మొహం చూడని అలుగును. అది కూడా చెప్పాను. అప్పుడు గొంతు మారింది. ‘చూడండి, ఈ విల్లు వేట అందరికీ కుదిరే పని కాదు. మీకు తుపాకీ అయితే నయం. అందులో తప్పేమీ లేదు’ అన్నాడు. ఎంతో దయగా అన్నాడు. ఆ దయే నన్ను తినేస్తోంది. తిట్టి ఉంటే తిరిగి తిట్టి ఊరుకునేవాణ్ని. మొత్తం మూడు నిమిషాల సంభాషణ. అమ్మేటప్పుడు నలభై, అమ్మాక మూడు.

డబ్బు గురించి కాదు అని అందరూ రాస్తారు. నాకు డబ్బు గురించి కూడా. 89 డాలర్లు నేను దారిలో దొరకబుచ్చుకోలేదు. కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఫిర్యాదు పెట్టాను, ప్రకటన పేజీ ఫోటోలు జతచేశాను. కానీ కొండ మీద నెత్తుటి చుక్కలు ఆగిపోయిన ఆ రాయి దగ్గర నేను నిలబడిన ఆ క్షణాలకు పరిహారం అడిగే పత్రం ఏ బ్యాంకు దగ్గరా లేదు. ఆ జంతువుకు నేను బాకీ పడ్డాను. సగం నా గురికి, సగం నా బద్ధకానికి.

ఇకముందు బ్రాడ్‌హెడ్లు కొనేవాళ్లకు రెండు ముక్కలు. పెట్టె విప్పగానే ఆకురాయి గీయండి, మొత్తం కాదు, అంచు వెనక ఒక మూల చాలు. సులువుగా కోస్తే అదే రోజు వెనక్కి పంపండి, వాడాక ఎవరూ తీసుకోరు. తూకం వేయండి. బాణానికి బిగించి అరచేతిలో తిప్పి మొన ఊగుతుందేమో చూడండి. రెక్కలు అతికినవి కాకుండా ఒకే ముక్కలో చెక్కినవి దొరికితే కొంచెం ఎక్కువ పెట్టయినా అవే కొనండి. సూది మొన అయితే కొనకండి, అమ్మేవాడు ఏం చెప్పినా సరే. కొలరాడోలో చట్టప్రకారం వెడల్పు అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు, కనీసం రెండు ఉక్కు అంచులు ఉండాలి, విల్లు 35 పౌండ్లకు తగ్గకూడదు. ఆ కొలతలన్నీ నా పెట్టెలోవి దాటాయి. చట్టం వెడల్పు కొలుస్తుంది గానీ ఉక్కు గట్టిదో మెత్తదో కొలవదు.

మూడింటిలో ఒకటి ఇంకా చెయ్యి పడనిదే ఉంది. అమ్మను, పారెయ్యను. డెన్వర్ చుట్టుపక్కల ఉన్నవాళ్లెవరికైనా నా మాట మీద అనుమానం ఉంటే శనివారం రండి, ఆకురాయి నేనే ఇస్తాను, మీ చేత్తో గీసి చూసుకోండి. వంగిపోయినది కూడా బల్ల మీదే ఉంది. టీ పెట్టిస్తాను.