మేడమ్ లించ్ కోసం పరాగ్వే వెళ్లాం

వెళ్తే జులైలో వెళ్లండి. అక్కడ అది చలికాలం, పగలంతా హాయిగా తిరగొచ్చు.

రాజధాని అసున్సియోన్‌లో మేం చూడాలనుకున్నది ఎలైజా లించ్ ఆనవాళ్లు. ఐర్లండ్‌లో పుట్టిన ఈమెకు 1854లో పారిస్‌లో ఫ్రాన్సిస్కో సొలానో లోపెజ్ పరిచయమయ్యాడు. ఆమె అతని కోసం పరాగ్వే వచ్చేసింది. 1862లో అతను అధ్యక్షుడై నియంతలా ఏలాడు. పెళ్లి కాకపోయినా ఆమె రాణిలాగే బతికింది. పారిస్ గౌన్లు, పియానో, విందులు! బ్రెజిల్, అర్జెంటీనా, ఉరుగ్వేలతో యుద్ధం నడుస్తుండగానే లక్షల హెక్టార్ల భూమి ఆమె పేరు మీదికి మారింది. ఆ యుద్ధంలోనే దేశంలోని మగవాళ్లలో ఎక్కువమంది పోయారు. అందుకే ఆమె మీద నాకు మొదటి నుంచీ కోపం.

నది ఒడ్డున లోపెజ్ కట్టించుకున్న భవనాన్ని రాత్రి దీపాల వెలుగులో చూడండి. అందులో అతను ఒక్కరోజు కూడా కాపురం ఉండలేదు.

మేం బుక్ చేసుకున్న సిటీ టూర్ మాత్రం డబ్బు దండగ. రెకొలెతా శ్మశానంలో పది నిమిషాలు కూడా ఆపలేదు. మర్నాడు టాక్సీలో మళ్లీ వెళ్లి, ఆమె సమాధి దగ్గర చాలాసేపు కూర్చున్నాం. 1886లో పారిస్‌లో చనిపోయిన ఆమె అస్థికలను 1961లో ఇంకో నియంత స్ట్రోస్నర్ పరాగ్వేకు తెప్పించాడు. లోపెజ్ ఉన్నది నగరం నడిబొడ్డున, వీరుల స్మారక మందిరంలో. అతని పక్కన ఆమెకు చోటివ్వలేదు.

బస సెంటర్‌లోనే చూసుకోండి, లోపెజ్ భవనం, స్మారక మందిరం నడక దూరమే. మా గదిలో వేడినీళ్లు రాలేదు, రెండుసార్లు చెప్పినా పట్టించుకోలేదు. శాకాహారులకు సోపా పరాగ్వాయా బాగుంటుంది. పేరుకు సూప్ గానీ, మొక్కజొన్నపిండి, చీజ్, ఉల్లిపాయలతో కాల్చిన రొట్టె. గుడ్డు వేస్తారు, అడిగి తినండి.

టైమ్ ఉంటే సెర్రో కొరా తప్పకుండా వెళ్లండి. రాత్రి బస్సులో పెద్రో హువాన్ కబల్లేరో అనే ఊరు చేరి, అక్కడి నుంచి టాక్సీ మాట్లాడుకోవాలి. నడుం విరిగినంత పనైంది, అయినా మళ్లీ వెళ్తాను. 1870 మార్చి 1న బ్రెజిల్ సైనికులు లోపెజ్‌నీ, పంచితో అనే పదిహేనేళ్ల పెద్దకొడుకునీ చంపింది సెర్రో కొరాలోనే. ఇద్దరినీ లించ్ ఒట్టి చేతులతో మట్టి తవ్వి పూడ్చిందంటారు. ఆ చెట్ల మధ్య నిలబడ్డాక నా నోట ఆమెను తిట్టే మాట రాలేదు. మా ఆవిడ కిందికి వంగి ఆ ఎర్రమట్టిని వేళ్లతో తవ్వి చూసింది. చాలా గట్టిగా ఉంది.