జయపురం టైలర్ మాస్టారి చేతిలో హారిస్ ట్వీడ్

ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో పుష్య మాసం చలి ఎరిగినవాళ్ళకి ఉన్ని కోటు ఎందుకో చెప్పక్కర్లేదు. నేనుండేది సునాబెడలో. మా బావగారు స్కాట్లాండ్ నుంచి హారిస్ ట్వీడ్ అనే ఉన్ని గుడ్డ తెచ్చిస్తే, జయపురం మెయిన్ రోడ్డు పక్క సందులో ఉన్న టైలర్ మాస్టారికి ఇచ్చాను. ఆయన టేపు తీసేముందు నేత చూస్తారు, అందుకే నాకాయన మీద గురి.

ఈసారీ అంతే. వేలితో రుద్ది, దీపం కిందకి పట్టి, "ఏ మిల్లు సరుకు బాబూ ఇది?" అన్నారు.

"ఇంటి మగ్గం మీద నేసింది మాస్టారూ."

నమ్మలేదు. బరంపురంలో దేవాంగుల ఇంట్లో, పట్టు మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాణ్ణి, ఈ సంగతి చెప్పడమంటే నాకు మహా సరదా. స్కాట్లాండ్‌లోని ఔటర్ హెబ్రిడీస్ దీవుల్లోనే ఉన్నికి రంగేసి, అక్కడే వడికి, దీవివాసులు తమ ఇళ్ళలో చేత్తో నేస్తేనే దానికి హారిస్ ట్వీడ్ అన్న పేరు. 1993లో బ్రిటన్ పార్లమెంటు ఇందుకోసం చట్టమే చేసింది. గుడ్డ వెనక గోళం మీద శిలువ ముద్ర చూపిస్తే మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

రంగు దగ్గర ఇంకాసేపు ఆగిపోయాం. దూరానికి వట్టి గోధుమరంగు, దగ్గరగా చూస్తే ఒక్క పోగులోనే నీలం, ఆకుపచ్చ, నారింజ. "మన కోట్‌పాడ్ నేతలో ఆల్ చెట్టు వేళ్ళ రంగు నూలుకి కదా పట్టిస్తారు, మరి దీనికి?" అన్నారు. వడకకముందే ఉన్నికి రంగులేసి, ఆ రంగులు కలిపి, తర్వాత వడుకుతారని చెప్పాను.

"2004లో నైకీ వాళ్ళు దీంతో బూట్లు కూడా చేశారు మాస్టారూ."

"బూట్లకి కాజాలు కుట్టక్కర్లేదు, వాళ్ళకేం బాబూ!"

తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేస్తుంటే, గొర్రెల మంద షాపులోకి దిగినట్టుందని పక్క కొట్టువాళ్ళని పిలిచి మరీ వాసన చూపించారు.

పనితనం విషయానికొస్తే, కత్తెర పడగానే అంచులు పీచు లేస్తాయని ముందే ఓవర్‌లాక్ చేసేశారు. వీపు మధ్య కుట్టు దగ్గర చేపముల్లు డిజైన్ గీతలు ఎక్కడా తప్పకుండా కలిశాయి. జేబు మూతల మీదా అంతే. నగరాల్లో రెడీమేడ్ కోట్లు చాలా తిరగేసి చూశాను, ఇంత శ్రద్ధ కనబడలేదు.

లైనింగ్ మాత్రం నచ్చలేదు. ట్వీడ్ గాలి ఆడే గుడ్డ, లోపల పాలిస్టర్ వేస్తే ఎండెక్కగానే చెమట. పైగా సంక్రాంతికి ఇస్తానన్న కోటు పండగ వెళ్ళాక చేతికొచ్చింది. కూలి ముందు చెప్పినంతే తీసుకున్నారు.

మీరూ ఇవ్వాలనుకుంటే దసరాకి ముందే ఇచ్చెయ్యండి, తర్వాత ఆయనకి పెళ్ళి సూట్లతో ఊపిరాడదు. గీతలు కలపాలంటే గుడ్డ ఎక్కువ పడుతుంది, ఓ అర మీటరు అదనంగా కొనండి. లైనింగ్‌కి కాటన్ గుడ్డ విశాఖపట్నం నుంచి మీరే తెచ్చుకోండి.