బంజారా హిల్స్: బస దిగువన, నడక ఎగువన

బంజారా హిల్స్‌కు వచ్చే తెలుగువాళ్లలో సరదాగా చూసిపోదామని వచ్చేవాళ్లు తక్కువే. అమ్మ కంటి ఆపరేషన్‌కో, పిల్లాడికి ఏదో పరీక్ష రాశారనో, ఇంట్లో పెద్దాయన కీమో కోసమో వస్తారు. ఒక స్కానింగ్‌కీ దాని రిపోర్టుకీ మధ్య నాలుగైదు గంటలు చేతిలో మిగులుతాయి. ఆ గంటలు ఆసుపత్రి కుర్చీలోనో, ఏసీ మాల్‌లోనో గడిచిపోతాయి. బయటికి వస్తే మాత్రం అక్కడ చూడదగ్గ కొండ ఒకటి ఇంకా మిగిలి ఉంది.

ముందు చిరునామా సంగతి, ఎందుకంటే ఇక్కడ దారి తప్పేది దానివల్లే. బంజారా హిల్స్‌లో రోడ్లకు 1 నుంచి 14 దాకా నంబర్లు. పక్కనే ఉన్న జూబ్లీ హిల్స్‌లో నంబర్లు మళ్లీ 1 నుంచి మొదలై 90 దాటిపోతాయి. అంటే ‘రోడ్ నంబర్ 10’ రెండు చోట్లా ఉంది, రెంటికీ మధ్య కొన్ని కిలోమీటర్ల దూరం. ఆటోవాలాకు ‘రోడ్ నంబర్ 10’ అని మాత్రమే చెబితే తనకు ఏది గుర్తొస్తే అటు తీసుకెళ్తాడు. చిరునామాలో పిన్‌కోడ్ చూసుకోవాలి: 500034 అయితే బంజారా, 500033 అయితే జూబ్లీ. 36, 45 లాంటి నంబర్లు వినిపిస్తే అది కచ్చితంగా జూబ్లీ హిల్సే. ఇంకో చిక్కు జూబ్లీ హిల్స్ ఇంటి నంబర్లది. చాలావాటికి మొదట 8-2-293/82 అనే ఉంటుంది. ఆ అంకెలు పట్టుకుని ఇల్లు వెతకడం దండగ. ప్లాట్ నంబరు, రోడ్ నంబరు, ఎదురుగా ఏముందో, ఈ మూడూ ఫోన్ చేసి అడిగి తెలుసుకుని బయల్దేరాలి.

ఈ గుట్టల రాయి దక్కన్ గ్రానైటు, వయసు 250 కోట్ల ఏళ్ల పైమాటే. రాతిలో అడ్డంగా, నిలువుగా పగుళ్లు ఉంటాయి. వాన నీరు వాటిలోకి దిగి ముందు మూలలను తినేస్తుంది. మూలలు అరిగిన బండ గుండవుతుంది. చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోతే గుండు మీద గుండు పేర్చినట్టు కనిపిస్తుంది. ఇక్కడ లంబాడీల తండాలు ఉండేవి, పశువులు మేసేవి, ఆ బంజారాల పేరే కొండకు మిగిలింది. నగరం అప్పటికి మూసీ చుట్టూ, మహా అయితే మాసబ్ ట్యాంక్ దాకా. ఆ మాసబ్ ట్యాంక్ పేరు కూడా ‘మా సాహెబా’ అని పిలుచుకున్న కుతుబ్‌షాహీ రాణి హయత్ బక్షీ బేగందే.

ఊరివాళ్లు చీకటి పడితే రావడానికి జంకే ఈ గుట్టల మీద మొదట ఇల్లు కట్టుకున్న పెద్దమనుషుల్లో మెహదీ నవాజ్ జంగ్ ముఖ్యుడు. బండలను పగలగొట్టకుండా వాటినే గోడలుగా కలుపుకుని కట్టిన ఆ ఇంటికి బంజారా భవన్ అని పేరు పెట్టారు. 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ హైదరాబాదు వచ్చినప్పుడు ఈ కొండ మీద బస చేసి ‘కోహ్‌సార్’ అనే కవిత రాశారు. నవాబుగారు ఆ తర్వాత గుజరాత్ మొదటి గవర్నరయ్యారు. రెడ్‌హిల్స్‌లో పేదలకు దిక్కైన ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి పేరులోని మూడక్షరాలు ఈయనవే. రోజూ ఆ పేరు పలికేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. బంజారా భవన్ ఇప్పుడు వెళ్లి చూసే చోటు కాదు. రోడ్ నంబర్ 1 పక్కన ఆ కాలపు బంజారా చెరువు ఉంది కానీ, దాని కోసం పనిగట్టుకుని వెళ్లక్కర్లేదు. నీళ్లకంటే గుర్రపుడెక్క ఎక్కువ, ఎండాకాలం వాసన.

1956 తర్వాత అధికారులు, కోస్తా జిల్లాల డబ్బు, ఆ వెనక సినిమా ఇక్కడికి ఎక్కి వచ్చాయి. అక్కినేని నాగేశ్వరరావు రోడ్ నంబర్ 2లో 22 ఎకరాల్లో కట్టిన అన్నపూర్ణ స్టూడియోస్ 1976 జనవరిలో ప్రారంభమైంది. అప్పటికి అక్కడ రాళ్లూ తుప్పలే. ఆ తర్వాతి పాతికేళ్లలో ఇళ్లు లేచిన జోరులో బండలు పేలిపోయాయి. గుండ్లను కాపాడుకోవాలని 1996లో ఒక సంఘమే పెట్టుకోవాల్సి వచ్చింది. ఎవరి పేరు కొండకు పెట్టారో ఆ బంజారాలకు ఇక్కడ సొంత గూడు చాలా ఆలస్యంగా వచ్చింది: రోడ్ నంబర్ 10లో సేవాలాల్ బంజారా భవన్, పక్కనే కుమ్రం భీమ్ ఆదివాసీ భవన్, 2022 సెప్టెంబరు 17న తెరిచారు.

పాత కొండ ఎలా ఉండేదో చూడాలంటే మిగిలింది కేబీఆర్ పార్కు. నిజాం వారసుల చిరాన్ ప్యాలెస్ ఆవరణే 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం అయింది, విస్తీర్ణం 142 హెక్టార్లకు పైగా. పేరులో పార్కు ఉంది కదా అని ఉయ్యాలలు, గడ్డి తివాచీలు వెతికితే నిరాశే. ఇది అడవి: నెమళ్లు, ఉడుతలు, పొదలు, వాటి మధ్య నల్లటి బండలు. ప్రధాన ద్వారం బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి ఎదురుగా. పొద్దున, సాయంత్రం మాత్రమే తెరుస్తారు, మధ్యాహ్నం మూసేస్తారు. చాలామంది పదకొండింటికి వచ్చి తాళం చూసి తిరిగి వెళ్తుంటారు. టికెట్టుకు చిల్లర దగ్గర ఉంచుకోండి, తినుబండారాలు లోపలికి వద్దు. లోపలి కాలిబాట మట్టిది, ఎత్తుపల్లాలున్నది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అరగంట చాలు. ద్వారం మూసి ఉన్నా పార్కు కంచె వెంట బయట నడకదారి ఉంది. చుట్టు మొత్తం సుమారు 6 కిలోమీటర్లు, నిదానంగా గంటన్నర. లోపలికంటే ఇదే మేలనే వాళ్లున్నారు కానీ, పొద్దున ఎనిమిది దాటాక బండ్ల పొగలో నడవాలి. 2016లో ఫ్లైఓవర్ల కోసం ఈ పార్కు అంచున చెట్లు కొట్టేస్తారని జనం రోడ్డెక్కింది ఇక్కడే.

నడకకు తెలివైన పద్ధతి ఒకటుంది. మెట్రోలో జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ స్టేషన్‌లో దిగాలి. అక్కడి నుంచి పార్కు మూల ఐదారు నిమిషాల నడక. పార్కు చూసుకుని రోడ్ నంబర్ 2 మీదుగా పంజాగుట్ట వైపు దిగాలి, దారి మొత్తం వాలే. పంజాగుట్టలో దిగి పైకి నడిస్తే అదే దారి పిక్కలు పట్టిస్తుంది. దిగేటప్పుడు ప్రధాన రోడ్డు వదిలి ఏదో ఒక పక్క సందులోకి వెళ్లండి. ప్రహరీ గోడ తిన్నగా వస్తూ వస్తూ ఒక గుండు దగ్గర ఆగిపోతుంది, గుండుకు అవతల మళ్లీ మొదలవుతుంది. మధ్యలో ఆ బండే గోడ. దాని మీద ఇనుప చువ్వలు గుచ్చి, సిమెంటుతో అతికి, పైన సీసీ కెమెరా బిగించి ఉంటారు. డైనమైట్ ఖర్చుకు వెనకాడి వదిలేశారో, ఇష్టపడి ఉంచుకున్నారో చెప్పలేం. ఫుట్‌పాత్ మాత్రం నమ్మొద్దు. ప్రతి ఇంటి గేటు దగ్గరా ర్యాంపు, జనరేటరు, సెక్యూరిటీ కుర్చీ, లేదా పూలకుండీ. చక్రాల కుర్చీతో అర కిలోమీటరు కూడా వెళ్లలేరు.

మిగతా చోట్లలో లామకాన్ ముందు. రోడ్ నంబర్ 1లో జలగం వెంగళరావు పార్కు పక్క సందులో ఉంది. 2010 నుంచి నడుస్తున్న ఈ పాత ఇల్లు కొండ మీది తక్కిన చోట్లలా జేబు చూసి మాట్లాడదు. నాటకం, ముషాయిరా, డాక్యుమెంటరీ, ఏదో ఒకటి ఉంటుంది. చాయ్, సమోసాతో ఎంతసేపు కూర్చున్నా లేవమనరు. బండి పెట్టే చోటు లేదు, ఆటోలో వెళ్లడమే సుఖం. రోడ్ నంబర్ 12లో 2009లో కట్టిన జగన్నాథ ఆలయం పూరీ గుడి ధోరణిలో ఉంటుంది. చెక్కడం చూడాలంటే ఎండ ఏటవాలుగా పడే సాయంత్రం వెళ్లాలి. అదే రోడ్డులో ఎమ్మెల్యే కాలనీలోని లోటస్ పాండ్ చిన్న చెరువు, చుట్టూ బాట, అరగంట పని, పిట్టలు బాగా కనిపిస్తాయి. మాల్స్ గురించి చెప్పడానికేమీ లేదు, మీ ఊళ్లో ఉన్నవే ఇక్కడా ఉన్నాయి.

బస విషయంలో ఒక్కమాట: కొండ మీద వద్దు, కొండ అంచున ఉండండి. తాజ్ కృష్ణా, తాజ్ దక్కన్, పార్క్ హయత్, రాడిసన్ బ్లూ లాంటివి కంపెనీ డబ్బుతో వచ్చేవాళ్లకు. సేవకు వంక పెట్టలేం. కానీ గేటు దాటితే రాత్రి తొమ్మిదికి ఇడ్లీ దొరకదు, రూపాయి మాత్రకు కూడా ఆటో ఎక్కాలి. ఆసుపత్రుల చుట్టుపక్కల సందుల్లో సర్వీస్ అపార్ట్‌మెంట్లు, గెస్ట్‌హౌస్‌లు ఉన్నాయి, వంట చేసుకోవచ్చు, వారం పైన ఉండేవాళ్లకు ఇవే లాభం. అడ్వాన్సు ఇచ్చేముందు నాలుగు అడగాలి: లిఫ్టు ఉందా, జనరేటరు లిఫ్టుకూ పనిచేస్తుందా, నీళ్లు నగర కుళాయిలో వచ్చే మంజీరావా ట్యాంకరువా, గ్యాస్ అద్దెలో కలిసుందా. నీళ్ల ప్రశ్న చాదస్తం కాదు. రాతి నేల కాబట్టి బోర్లు త్వరగా ఎండుతాయి, ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకరు ఆలస్యమైతే పొద్దున స్నానానికి ఇబ్బంది.

ఒకటి రెండు రాత్రులకైతే లకడీకాపూల్, ఖైరతాబాద్, పంజాగుట్ట లాడ్జీలే నయం. ప్రైవేటు బస్సులు ఆ పరిసరాల్లోనే ఎక్కించుకుని దించుతాయి, మెట్రో ఎర్ర లైను అక్కడే, అర్ధరాత్రి కూడా మందుల షాపు తెరిచి ఉంటుంది. చాలా లాడ్జీల్లో 24 గంటల లెక్క నడుస్తుంది. పెద్ద హోటళ్లలో మధ్యాహ్నం 12కే ఖాళీ చేయాలి. తెల్లవారుజామున రైలు దిగేవాళ్లకు ఈ తేడా ఒక రోజు అద్దెతో సమానం. గది అద్దె రోజుకు 7,500 రూపాయల దాకా జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. ఆన్‌లైన్‌లో కనిపించే ధర పన్ను కలిపిందో లేదో చూసుకోండి.

మెట్రో బంజారా హిల్స్ నడిబొడ్డుకు రాదు, అంచులు తాకి పోతుంది. రోడ్ నంబర్ 1 మొదట్లోకి ఇర్రంమంజిల్ స్టేషన్ నుంచి కిలోమీటరు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి పంజాగుట్ట నుంచి దగ్గరదగ్గర మూడు. కేబీఆర్, బసవతారకం వైపు వెళ్లేవాళ్లు అమీర్‌పేటలో రైలు మారి చెక్‌పోస్ట్ దాకా వెళ్లాలి. కోఠి నుంచి లకడీకాపూల్, మాసబ్ ట్యాంక్ మీదుగా కొండాపూర్ వెళ్లే 127కె సిటీ బస్సు ఈ కొండ మీదుగానే పోతుంది. తెలంగాణ చిరునామాతో ఆధార్ ఉన్న ఆడవాళ్లకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో జీరో టికెట్టు. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు డబ్బిచ్చి కొనాల్సిందే. శంషాబాద్ నుంచి కారులో వస్తే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే దిగి మెహదీపట్నం, మాసబ్ ట్యాంక్, రోడ్ నంబర్ 1. ఖాళీ వేళ గంటలోపు, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది మధ్యయితే గంటన్నర వేసుకోండి. ఆటోలకు మీటరు మీద ఆశ పెట్టుకోవద్దు, ఫోన్‌లో యాప్ ధర చూపించి బేరమాడండి.

తిండికి ఉదయం నాగార్జున సర్కిల్ దగ్గర చట్నీస్‌లో స్టీమ్ దోసె. బిర్యానీ, హలీంలకు మాసబ్ ట్యాంక్ వైపు సర్వి హోటల్. రోగితో ఉన్నవాళ్లకు ఉప్పూకారం తక్కువ భోజనం కావాలంటే బయట వెతకొద్దు, ఆసుపత్రి క్యాంటీనే శ్రేయస్కరం.

1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్‌లో మొదటిసారి చూపించుకునేవాళ్లు ఆ రోజుకు ఇంకో పని పెట్టుకోవద్దు. కంట్లో చుక్కలు వేసి పాప విప్పారేలా చేస్తే నాలుగు నుంచి ఆరు గంటలు దగ్గరి అక్షరాలు కనిపించవు, వెలుతురు పొడుస్తుంది. నల్లద్దాలు తెచ్చుకోవాలి, తోడు మనిషి ఉండాలి, బండి నడపకూడదు. సంతకాలు, బిల్లుల పని చుక్కలకు ముందే ముగించాలి. నడక కార్యక్రమం కూడా ఆ ముందు రోజుకే పెట్టుకోండి.

జూన్ నుంచి అక్టోబరు దాకా వచ్చేవాళ్లు ఆకాశం చూసి కదలాలి. రాతి వాలు మీద పడ్డ నీరు ఇంకదు, కాంక్రీటు పోశాక అసలే ఇంకదు. గంట వాన పడితే పైన రోడ్లు పది నిమిషాల్లో కడిగినట్టు తేలిపోతాయి. ఆ నీళ్లన్నీ దిగువన జూనియర్ ఆర్టిస్టులు అద్దెకుండే కృష్ణానగర్ సందుల్లో, యూసుఫ్‌గూడ కాలనీల్లో మోకాలి లోతుకు చేరతాయి. అప్పుడు క్యాబ్ బుక్ చేస్తే ధర రెట్టింపు, పైగా డ్రైవరు ఒప్పుకున్నాక రద్దు చేస్తాడు. వాన తగ్గాక నలభై నిమిషాలు ఉన్నచోటే ఆగి, మెట్రో వైపు నడవండి. కృష్ణానగర్ మీదుగా అడ్డదారి ఉందని ఆటోవాలా అంటే ఎక్కొద్దు.