టీపీ-లింక్ ఆర్చర్ సి6: నాలుగేళ్లు వాడాక

300 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్, మూడు బెడ్‌రూమ్‌ల ఇల్లు, మేడ మీద ఒక గది, ఎప్పుడు చూసినా పదీ పన్నెండు ఫోన్లూ టీవీలూ లాప్‌టాప్‌లూ. ఈ రౌటర్ నాలుగేళ్లుగా మోస్తున్న బరువు ఇది. దీన్ని కొనమని ఇప్పటికీ చెప్తాను, కానీ డబ్బా మీది ‘ఏసీ1200’ చూసి కాదు, వెనకున్న పోర్టులు చూసి.

ఏసీ1200 అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ల వేగాలు కూడి, దగ్గర్లోని పెద్ద అంకె వేసుకోవడమే. ఫోన్ ఒకసారికి ఒక బ్యాండ్ మీదే ఉంటుంది కాబట్టి ఆ 1200 ఎవరికీ రాదు. 5 గిగాహెర్ట్జ్ మీద చెప్పే 867 కూడా గాలిలో లింకు వేగం. అదే గదిలో కూర్చుని పెద్ద ఫైలు కాపీ చేసినా చేతికొచ్చేది దాదాపు సగం, మహా అయితే ఇంకాస్త. ఇదే కంపెనీ ఆర్చర్ సి50 మీద కూడా ఏసీ1200 అనే ఉంటుంది, దాని పోర్టులు మాత్రం 100 ఎంబీపీఎస్‌వి. 300 ప్లాన్‌కి కట్టి ఆ పోర్టులో కేబుల్ పెడితే 95 దాటి రాదు. సి6లో ఒక వాన్ (బయటి నెట్ కేబుల్‌కి), నాలుగు లాన్ (ఇంట్లో పరికరాలకి), ఐదూ గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్‌వి. డబ్బా మీద ‘10/100/1000’ అని ఉందో లేదో చూడకుండా ఏ రౌటర్‌కీ డబ్బు కట్టొద్దు.

గిగాబిట్ పోర్టు ఉండి కూడా స్పీడ్ టెస్ట్ 93, 94 దగ్గరే గోడ కట్టినట్టు ఆగిపోతే రౌటర్‌ని తిట్టుకోకుండా కేబుల్ చూడండి. గిగాబిట్‌కి కేబుల్లోని ఎనిమిది తీగలూ కావాలి. 100కి 1, 2, 3, 6 నంబర్ల తీగలు నాలుగూ చాలు. మిగతా నాలుగింట్లో ఒక్కటి తెగినా, క్రింపింగ్‌లో (ప్లగ్గు బిగించేటప్పుడు) సరిగ్గా దిగకపోయినా లింకు చప్పుడు లేకుండా 100కి పడిపోతుంది. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి నెలల తరబడి ఎవరికీ అనుమానం రాదు. క్యాట్ 5ఇ కేబుల్ తీసుకుని రెండు కొసలా ఇదే వరసలో క్రింప్ చేయించండి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, నీలం, తెలుపు-నీలం, పచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఒక చిన్న ప్లగ్గు దగ్గర 300 ప్లాన్ 100 అయ్యేది ఇక్కడే.

ఇక గోడలు. రౌటర్ ఉన్న హాల్లో 5 గిగాహెర్ట్జ్ మీద పూర్తి 300 వస్తుంది. ఒక తొమ్మిదంగుళాల ఇటుక గోడ అవతల 220 నుంచి 250. రెండు గోడలు దాటితే 80, 90. స్లాబ్ మీది గదిలో 5 గిగాహెర్ట్జ్ ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. అక్కడ 2.4 మీద ముప్పై దాకా వస్తే గొప్ప, వీడియోకి అది చాలు. ఏ యాంటెన్నాల రౌటరైనా బీరువా మీద పెడితే ఆ ఇనుప రేకు ఒక వైపు సిగ్నల్‌ని మింగేస్తుంది. అద్దం, నీళ్ల డ్రమ్ము, ఫ్రిజ్ కూడా అంతే. ఇంటి మధ్యలో, మనిషి ఛాతీ ఎత్తుకి పైన, చుట్టూ ఖాళీ ఉండేలా పెట్టాలి. యాంటెన్నా సిగ్నల్ దాని కొసనుంచి కాదు, పక్కలకి వెళ్తుంది. అందుకే సి6 నాలుగు యాంటెన్నాలూ నిటారుగా ఉంటే మేడ మీదికి తక్కువ వెళ్తుంది. రెండు నిలబెట్టి, రెండు పడుకోబెట్టి చూడండి. ఫోన్లో వైఫై అనలైజర్ యాప్ పెట్టుకుని సిగ్నల్ బలం (డీబీఎం) కొలవండి: మైనస్ 65 దాకా బాగున్నట్టు, మైనస్ 75 కన్నా కిందికి పడితే అక్కడ ఇంకో యాక్సెస్ పాయింట్ (కేబుల్‌తో కలిపి వైఫై ఇచ్చే పెట్టె) కావాలి. పెద్ద యాంటెన్నాల రౌటర్ కొన్నా ఆ స్లాబ్ కరగదు.

సెట్టింగుల్లో మార్చాల్సినవి కొన్నే. స్మార్ట్ కనెక్ట్ (రెండు బ్యాండ్లనీ ఒకే పేరుతో చూపేది) ఆపి రెండు బ్యాండ్లకీ వేర్వేరు పేర్లు పెట్టండి. స్మార్ట్ ప్లగ్గులు, బల్బులు చాలావరకు 2.4 మీదే పనిచేస్తాయి, పేరు ఒకటే అయితే మొదటిసారి కలిపేటప్పుడు మొండికేస్తాయి. అపార్ట్‌మెంట్లలో 2.4 ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చేసి, 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే దాన్ని ఎంచుకోండి. 40 పెడితే ఇరుగుపొరుగు రౌటర్లన్నిటితోనూ ఢీకొంటుంది. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2, ఎన్‌క్రిప్షన్ ఏఈఎస్. పాత పద్ధతి టికెఐపీ పెడితే వేగం 54 మించదు. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తో కలిపేది) ఆపేయండి. ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసేటప్పుడు అడుగున ఉన్న స్టిక్కర్ మీది వెర్షన్ నంబర్‌తో సరిచూసుకోవడం తప్పనిసరి. వేరే వెర్షన్ ఫైలు ఎక్కిస్తే పెట్టె పాడవ్వొచ్చు.

ఫైబర్ తీగ వచ్చి చేరే, కంపెనీ వాళ్లిచ్చిన ఓఎన్‌టీ పెట్టె కూడా రౌటర్‌గానే పనిచేస్తుంటే రెండు నెట్‌వర్కులు ఒకదాని లోపల ఒకటి పడతాయి. బ్రౌజింగ్‌కి తేడా తెలియదు, ఆన్‌లైన్ గేములు, ఇంటి బయట నుంచి కెమెరా చూడటం చిక్కులో పడతాయి. వాళ్లు దాన్ని బ్రిడ్జ్ మోడ్ చేసి (రౌటర్ పని మాన్పించి) పీపీపీఓఈ (నెట్ లాగిన్) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇస్తే అదే మేలు. ఇవ్వకపోతే సి6ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. పేరెంటల్ కంట్రోల్, క్యూఓఎస్ (ఏ పరికరానికి ముందు వేగం ఇవ్వాలో చెప్పేది) ఆ మోడ్‌లో ఉండవు, అది తెలిసే పెట్టాలి. ఓఎన్‌టీ వైఫై ఆపేయాలి, లేకపోతే ఫోన్లు ఆ బలహీనమైన సిగ్నల్‌నే పట్టుకుని వేలాడతాయి.

లోటు రెండు. యూఎస్‌బీ పోర్టు లేదు, హార్డ్‌డిస్క్ తగిలించి ఇంట్లో అందరూ సినిమాలు చూడలేరు. వైఫై 6 లేదు. 500 పైన ప్లాన్ ఉన్నా, ఇరవై దాకా పరికరాలు ఉన్నా ఇప్పుడు కొనేవాళ్లు వైఫై 6 ఉన్న ఏఎక్స్3000 రౌటర్ల వైపే వెళ్లాలి. ఏఎక్స్1500కి సి6కి మధ్య తేడా చిన్నది: 5 గిగాహెర్ట్జ్ మీద 867 బదులు 1201, అదీ ఫోన్‌కి వైఫై 6 ఉంటేనే.

కరెంటు సంగతి మన ఊళ్లలో విడిగా చూసుకోవాలి. రౌటర్‌కి 12 వోల్టుల అడాప్టర్, చాలా ఓఎన్‌టీలకీ అంతే. కాబట్టి ఒకే 12 వోల్టుల మినీ యూపీఎస్ రెండింటినీ నడుపుతుంది. రెండు అడాప్టర్ల మీది ఆంపియర్లు కలిపి యూపీఎస్ మీది అంకె దాటకూడదు, జాక్ మందం సరిపోవాలి. కరెంటు పోయి వచ్చాక రౌటర్ పదే పదే రీస్టార్ట్ అవుతుంటే ముందు అడాప్టర్ మార్చి చూడండి. లోపలి కెపాసిటర్ ఉబ్బితే లైట్లు వెలుగుతాయి, లోడు పడగానే వోల్టేజీ పడిపోతుంది. కొత్త అడాప్టర్‌కి వోల్టులు అవే ఉండాలి, ఆంపియర్లు ఎక్కువున్నా ఇబ్బంది లేదు.