జాక్ రీచర్ సిరీస్ – ఏళ్ల తరబడి చదివినాక నా ఓటు దేనికంటే

సూటిగా చెప్పేస్తా, లీ చైల్డ్ రాసిన రీచర్ పుస్తకాల్లో నా ఫేవరెట్ 2004లో వచ్చిన 'ది ఎనిమీ'. ఈ మాట అంటే మా తిరుపతి బ్యాచ్‌లో ఒక్కడూ ఒప్పుకోడు, ఎవడి పుస్తకం వాడికి గొప్ప, ఆ పంచాయితీ టీ చల్లారిపోయినా తెగదు.

తెలీనోళ్ల కోసం రెండు ముక్కలు. రీచర్ అమెరికా ఆర్మీలో మిలిటరీ పోలీస్ మేజర్‌గా చేసి బయటికొచ్చినోడు, ఆరడుగుల ఐదంగుళాల మనిషి, ఇల్లు లేదు, బ్యాగు లేదు, జేబులో ఒక మడత టూత్ బ్రష్, బస్సు దిగిన ఊర్లోనల్లా ఏదో ఒక గొడవ. లీ చైల్డ్ ఇంగ్లండ్‌లో టీవీ కంపెనీ ఉద్యోగం పోగొట్టుకుని నవల పట్టుకున్నాడు, మొదటిది 'కిల్లింగ్ ఫ్లోర్' 1997లో వచ్చింది, అప్పట్నించి దాదాపు ఏడాదికొకటి లెక్కన వస్తానే ఉంది. మధుబాబు గారి షాడోని అద్దె పుస్తకాల షాపుల్లో తెచ్చుకుని చదివిన బ్యాచ్ మాది, కాబట్టి ఒంటిగాడు వచ్చి ఊరంతా దులిపేసే కథ అంటే మాకు కొత్త కాదు, ఈజీగా ఎక్కేసింది.

నా దగ్గరున్నవి ఎక్కువ సెకండ్ హ్యాండే, సప్తగిరి రైల్లో మద్రాసు పోయినప్పుడల్లా సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్‌లో ఏరుకొచ్చినవి. అక్కడ ఒకటి చూసుకోండి, 'ద విజిటర్', 'రన్నింగ్ బ్లైండ్' రెండూ ఒకే పుస్తకం, మొదటిది బ్రిటన్ పేరు, రెండోది అమెరికా పేరు, అట్టలు వేరేగా ఉంటాయి కాబట్టి రెండు నవలలనుకుని రెండూ కొనేస్తారు. ఇంకోటి ఏందంటే ఈ లావుపాటి పేపర్‌బ్యాక్‌ల గమ్ మన ఎండలకి ఆగదు, రెండు వేసవులు పోతే నడుమ విరిగి పేజీలు చేతికొచ్చేస్తాయి. నా 'పర్స్వేడర్' ఇప్పుడు రబ్బర్ బ్యాండ్ మీద బతుకుతోంది.

ఆ 'పర్స్వేడర్' (2003) మా రైల్వే అన్న ఫేవరెట్. "పాలీ గాడితో ఆ ఫైట్ ఒక్కటి చాలబ్బా, ఇంకేం కావాల నీకు" అంటాడు. నిజమే, రీచర్ కంటే పెద్ద సైజు మనిషిని తెచ్చి ఎదురుగా నిలబెట్టడం ఆ పుస్తకంలో భలే ఐడియా, మొదటి చాప్టర్ అయితే చదివే మనల్నే బోల్తా కొట్టిస్తుంది. కానీ అన్నా, ఫైట్ ఎన్నిసార్లు చదువుతావ్? రెండోసారికి ఎవరు పడతారో తెలిసిపోయి ఉంటుంది గదా.

యూనివర్సిటీలో చదివే తమ్ముడొకడు 'బ్యాడ్ లక్ అండ్ ట్రబుల్' (2007) అంటాడు, వాడు 'రీచర్' వెబ్ సిరీస్ చూసి పుస్తకాల్లోకి వచ్చినోడు, సీజన్ టూ కథ అదే. వాడి మీద జోకులేస్తాం కానీ సెలక్షన్ తప్పు కాదు. పాత టీమ్‌లో ఒకడిని హెలికాప్టర్‌లోంచి ఎడారిలోకి తోసేస్తారు, మిగిలినోళ్లు మళ్లీ ఒకచోట చేరతారు. రీచర్ బ్యాంక్ అకౌంట్లో ఎవరో వెయ్యిన్నీ ముప్పై డాలర్లు వేసి ఉంటారు, ఆ అంకె చూసి అది సాయం కోసం పంపిన కోడ్ అని కనిపెట్టేస్తాడు. ఆ సీన్ నాకెప్పుడూ బోర్ కొట్టలేదు. నా లిస్టులో రెండో ప్లేస్ దానిదే.

'61 అవర్స్' (2010) మాత్రం రోహిణి కార్తెలో చదవాల. బయట రోళ్లు పగిలే ఎండ, లోపల కరెంటు లేదు, పుస్తకంలో సౌత్ డకోటా మంచు, బస్సు జారి పక్కకి పోతుంది, మనిషి బయట నిలబడితే గడ్డకట్టేలా ఉంటాడు. మొదటి లైన్ నుంచి గంటలు వెనక్కి లెక్కపెట్టుకుంటా పోతాడు రచయిత, ఏం జరగబోతోందో చెప్పడు, ఎప్పుడు జరుగుతుందో మాత్రం చెప్తాడు, దాంతో పుస్తకం కింద పెట్టలేం. చివర్లో మనల్ని గాల్లో వదిలేస్తాడు. అందుకని దీన్ని కొనేటప్పుడే అదే ఏడాది వచ్చిన 'వర్త్ డైయింగ్ ఫర్' కూడా తెచ్చి పక్కన పెట్టుకోండి. మిగతావి ఏ ఆర్డర్‌లో చదివినా పెద్దగా నష్టం లేదు, ఇవి రెండూ మాత్రం వరసలోనే.

సరే 'ది ఎనిమీ' సంగతికొస్తా. కథ 1989 పోయి 1990 వచ్చే అర్ధరాత్రి మొదలవుతుంది, బెర్లిన్ గోడ పడి రెండు నెలలు కూడా కాలేదు, శత్రువే లేకుండా పోయినాక ఇంత పెద్ద సైన్యం ఎందుకు అనే మాట పైన మొదలైంది, ఎవడి కుర్చీ ఉంటుందో ఎవడిది పోతుందో తెలీక పెద్ద ఆఫీసర్లంతా లోపల్లోపల వణుకుతుంటారు. అప్పుడు నార్త్ కరోలినాలో ఒక చీప్ మోటల్ రూములో ఒక జనరల్ చచ్చిపడి ఉంటాడు, ఆయన బ్రీఫ్‌కేస్ కనపడదు. రీచర్‌కి 29 ఏళ్లు, యూనిఫాంలో ఉన్నాడు, డ్యూటీలో ఉన్నాడు. గవర్నమెంట్ ఆఫీసుల్లో పనిచేసిన వాళ్లెవరికైనా ఆ పైఅధికారి విల్లర్డ్‌ని చూస్తే ఒళ్లు మండుతుంది, పని తెలీదు, పేపర్లు మాత్రం కరెక్టుగా ఉండాల, కేసు మూసెయ్ అంటాడు.

మిగతా పుస్తకాల్లో రీచర్‌కి నచ్చకపోతే బస్సెక్కి పోతాడు, పోగొట్టుకోవడానికి వాడి దగ్గర టూత్ బ్రష్ తప్ప ఏముంది? ఇందులో ఎక్కడికీ పోలేడు. ర్యాంకు ఉంది, అన్న జో ఉన్నాడు, అన్నింటికంటే ప్యారిస్‌లో అమ్మ ఉంది.

కేసు మధ్యలో అన్నదమ్ములు ఇద్దరూ ప్యారిస్ పోతారు. తలుపు తీస్తుంది ఆమె, కాలికి పిండికట్టు, చేతిలో వాకర్. కాలు విరిగింది అంతేలే అన్నట్టు మాట్లాడుతుంది. అసలు జబ్బు అది కాదని, చాలా రోజుల్నించి ఆమెకి తెలుసని, మందులు వద్దనుకుందని తర్వాత బయటపడుతుంది. మన ఇళ్లల్లో పెద్దోళ్లు ఇంతే గదా, ఫోన్ చేస్తే "ఏం లేదు నాయనా, కొంచెం మోకాళ్ల నొప్పి" అంటారు, స్కాన్ రిపోర్టు మాత్రం బీరువాలో చీరల కింద ఉంటుంది. కాఫ్కా టైపు పెద్ద సాహిత్యం అని నేను అనట్లేదు, థ్రిల్లరే, కానీ ఆ చాప్టర్లో తుపాకీ లేదు, దెబ్బ లేదు, ఇద్దరు భారీ సైజు మగోళ్లు ఏం మాట్లాడాలో తెలీక నిలబడి ఉంటారు. జర్మన్లు ఆక్రమించిన ఫ్రాన్స్‌లో ఆమె చిన్నపిల్లగా ఏం చేసిందో ఆ కొడుకులకి ఆలస్యంగా తెలుస్తుంది, అది నేను చెప్పను, చదువుకోండి. చివర్లో రీచర్ ఒక సంతకం పెడతాడు, దానికి వాడు కట్టే ధర కూడా చెప్పను. మిగతా పుస్తకాల్లో వాడు గెలిచి పోతాడు, ఇందులో గెలిచి కూడా తగ్గి పోతాడు.

లోపాలు లేవా అంటే బోలెడు. నడుమ డ్రైవింగే డ్రైవింగ్, ఈ బేస్ నుంచి ఆ బేస్‌కి పోవడం రావడం, అక్కడ ఓపిక పట్టాల. సిరీస్ మొత్తం తీసుకుంటే ప్రతిదాంట్లో అదే తలతో గుద్దుడు, అదే బ్లాక్ కాఫీ, ప్రతి ఊర్లో ఒక కొత్త అమ్మాయి. 2008 నాటి 'నథింగ్ టు లూజ్' రెండోసారి పట్టుకుని సగంలో వదిలేసినా. 2020లో 'ద సెంటినెల్' నుంచి లీ చైల్డ్ తమ్ముడు ఆండ్రూ చైల్డ్ కూడా కలిసి రాస్తున్నాడు, అక్కడ్నించి రీచర్ మాటలెక్కువ మనిషైపోయినాడు నాకైతే. మా యూనివర్సిటీ తమ్ముడికి అవే ఇష్టం, వాడిష్టం.

కొత్తగా చదివేవాళ్లు మాత్రం 'ఎనిమీ'తో మొదలుపెట్టొద్దు. ముందు 'కిల్లింగ్ ఫ్లోర్', తర్వాత 'వన్ షాట్', 'పర్స్వేడర్' లాంటివి ఒక మూడు నాలుగు చదివి, ఈ మనిషికి ఇల్లూ వాకిలీ ఎందుకు లేదబ్బా అని మీకే అనిపించినాక ఇది తీయండి. దీని వెనకే 2011లో వచ్చిన 'ది అఫైర్' పెట్టుకోండి, అది వాడు ఆర్మీ వదిలేసే ముందు కథ, 'కిల్లింగ్ ఫ్లోర్'కి ఆరు నెలల ముందు జరుగుతుంది. సెకండ్ హ్యాండ్ దొరక్కపోతే కిండిల్‌లో తీసుకోండి, ఆ పేపర్‌బ్యాక్‌ల అక్షరాలు చీమల సైజులో ఉంటాయి.