కార్పొరేషన్ ఎన్నికలు: కొచ్చిలో అలా, విశాఖలో ఇలా

రాజ్యాంగం 243-యు అధికరణ రెండు ఊళ్లకూ ఒకటే: పాలకవర్గానికి ఐదేళ్లు, గడువు తీరేలోపే ఎన్నికలు.

కేరళలో 1995 నుంచి ఐదేళ్లకోసారి జరుగుతూనే ఉన్నాయి. 2020లో కరోనా వల్ల కొన్ని వారాలు ఆలస్యమైనా, డిసెంబరులో పోలింగ్ పెట్టారు. కొవిడ్ రోగులకు ప్రత్యేక పోస్టల్ బ్యాలెట్ ఇచ్చారు.

మన జీవీఎంసీకి (మహా విశాఖ నగరపాలక సంస్థకు) 2007 తర్వాత మళ్లీ ఓటేసింది 2021 మార్చిలో! 2012 నుంచి తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలనే. 2014లో హుద్‌హుద్ తుఫాను ఊరిని ఊడ్చేసినప్పుడు కూడా వార్డుకో కార్పొరేటర్ లేడు. గాజువాకలో కాలువ పూడినా, కొండవాలు ఇళ్లకు కుళాయి నీళ్లు రాకపోయినా నిలదీయడానికి ఎన్నికైన మనిషి లేడు. అధికారి ఎంత మంచివాడైనా, అతణ్ని మనం ఓటుతో దించలేం. గ్రామాల విలీనం, వార్డుల విభజన, కోర్టు కేసులు అడ్డొచ్చాయన్నారు. తొమ్మిదేళ్ల ఆలస్యానికి ఆ కారణాలు సరిపోవు.