జట్టు కూలీల సంఘం సేవ: పనికి పూర్తి మార్కులు, గుమ్మం దగ్గర పేచీకి సున్న

పాలకొల్లు, నరసాపురం ప్రాంతంలో ఇల్లు కట్టుకునేవారు సిమెంటు ఏ కంపెనీది కొనాలో, టైల్స్ ఏ దుకాణంలో తీసుకోవాలో తమ ఇష్టప్రకారం నిర్ణయించుకోవచ్చు గాని, లారీలో వచ్చిన సరుకు ఎవరు దించాలన్నది మాత్రం వారి చేతిలో ఉండదు. ఆ పని ఊరి జట్టుది. ధాన్యం బస్తాలైనా, ఎరువులైనా, ఇనుమైనా, ఆ ఊళ్లో లారీలకు ఎక్కించడం, దించడం అంతా జట్టు కూలీల సంఘం ద్వారానే జరగాలన్నది ఎప్పటినుంచో నడుస్తున్న కట్టుబాటు. 2025లో మా ఇల్లు కట్టించినన్నాళ్లూ ఈ సంఘంతోనే వ్యవహారం నడిచింది కనుక, డబ్బిచ్చి సేవ పొందినవాడిగా దాని మంచిచెడ్డలు రాస్తున్నాను. ఊరి పేరు, సంఘం పేరు కావాలనే వదిలేశాను. చుట్టుపక్కల ఏ ఊళ్లో ఇల్లు కట్టినవారిని అడిగినా కొద్ది తేడాలతో ఇదే చెబుతారు.

ముందుగా మెచ్చుకోవలసింది రేట్ల పట్టికను. రైసు మిల్లుల రోడ్డులో ఉన్న సంఘం షెడ్డు గోడ మీద, చదవడం వచ్చిన ఎవరికైనా అర్థమయ్యేలా, సరుకువారీగా కూలి రాసి ఉంది. సిమెంటు బస్తా దించితే 8 రూపాయలు, మొదటి అంతస్తుకు ఎక్కిస్తే మరో 8 రూపాయలు. టైల్స్ పెట్టెకు ఇంత, ఇనుము టన్నుకు ఇంత. లారీ నిలిచిన చోటు నుంచి సరుకు పెట్టవలసిన చోటు దూరమైతే అదనంగా ఇంత. 200 బస్తాల సిమెంటు లారీ, అంటే 10 టన్నుల బరువు, కిందనే దించినందుకు 1,600 రూపాయలు తీసుకుని సంఘం ముద్ర వేసిన రసీదు ఇచ్చారు. అంతకు మించి టీ డబ్బులని గాని, మామూలని గాని ఒక్క రూపాయి అడగలేదు.

ఈ రేట్లను సంఘం తనంతట తాను రాసుకోదు. రెండేళ్లకోసారి వర్తకులు, మిల్లర్లు ఒకవైపు, సంఘం పెద్దలు ఒకవైపు కూర్చుని మాట్లాడుకుని ఒప్పందం రాసుకుంటారు. నాలాంటి ఇంటి యజమానికి ఆ చర్చలో చోటు లేదు, అయినా దాని ఫలితం నాకు లాభమే అయింది. లారీ డ్రైవరు తొందరపెడుతుండగా, ఆకాశం మబ్బు పట్టి ఉండగా, సిమెంటు తడిసిపోతుందన్న భయంతో ఉన్న యజమాని, ఆ పూట కూలి దొరకకపోతే ఇంట్లో పొయ్యి వెలగని కూలివాడు రోడ్డు మీద నిలబడి బేరమాడుకుంటే, ఆ రోజు ఎవరి అవసరం పెద్దదైతే వారే నష్టపోతారు. ఆ బేరాన్ని రోడ్డు మీద నుంచి తప్పించి, ముందుగానే, అందరికీ తెలిసేలా, అందరికీ ఒకే విధంగా ముగించడం కార్మిక సంఘం చేయవలసిన మొదటి పని. ఈ సంఘం దాన్ని చక్కగా చేస్తోంది. ఇసుక, కంకర వ్యవహారంలో నేను పడ్డ బేరాల బాధతో పోలిస్తే జట్టుతో లెక్క నిమిషాల్లో తేలిపోయేది.

పనితనం గురించి చెప్పాలంటే, మా వీధి కాలువ గట్టును ఆనుకుని ఉంటుంది, తూము దాటి లారీ లోపలికి రాదు. గట్టు మీద నుంచి ఇంటి దాకా ప్రతి బస్తా తల మీదనే రావాలి. సిమెంటుకు కొక్కెం వాడకూడదని వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. గోనె సంచికి తప్ప ఆ కొక్కెం నడుము నుంచి తీయరు. కింద చెక్కలు పరిచి, గోడకు జానెడు ఎడం ఉంచి, చెమ్మ తగలకుండా వరసకు పది చొప్పున పేర్చారు. ఒక్క బస్తా చిరగలేదు. టైల్స్ పెట్టెలను పడుకోబెట్టకుండా నిలబెట్టి పెట్టాలని మా తాపీ మేస్త్రీకి చెప్పింది కూడా వీరే.

అయితే ఆ బరువుల సంగతి దగ్గరే సంఘం పని సగంలో ఆగిపోయిందని నా అభిప్రాయం. సిమెంటు బస్తా 50 కిలోలు. మన డెల్టాలో ధాన్యం ధర ఇప్పటికీ 75 కిలోల బస్తా లెక్కనే చెప్పుకుంటాం. సార్వా (మొదటి పంట), దాళ్వా (రెండో పంట) వరి కోతల్లో ఇదే జట్టు ఆ బస్తాలను రోజంతా మోస్తుంది. మగ కార్మికుడు ఒక్కసారికి మోసే బరువు 55 కిలోలు దాటకుండా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. బస్తా తేలిక చేయమని మిల్లర్లను ఎందుకు పట్టుబట్టరని జట్టు మేస్త్రీని అడిగితే, ‘బస్తా తగ్గితే బస్తాలు పెరుగుతాయండి, బస్తాకింత లెక్క కదా, అందుకే ఆళ్లు ఒప్పుకోరండి’ అన్నారు. ఒప్పుకోరని తెలిసీ ప్రతిసారీ కూలి పెంపుతో సరిపెట్టుకుని లేచి రావడం సరైనదేనా అన్నది సంఘం తనను తాను వేసుకోవలసిన ప్రశ్న. యాభై ఏళ్లు రాకుండానే మెడ, మోకాళ్లు అరిగిపోయిన మనుషులు ఆ షెడ్డులో నాకు చాలామంది కనిపించారు. పెరిగిన కూలి వారి మందులకే చాలడం లేదు.

టైల్స్ దించుతున్న రోజున ఒక పెట్టె జారి ఒకతని కాలి వేళ్ల మీద పడింది. నేను కంగారుపడుతుండగానే మేస్త్రీ అతణ్ని ఆటోలో ఆసుపత్రికి పంపి, షెడ్డుకు ఫోను చేసి మరో మనిషిని రప్పించారు. వైద్యం ఖర్చు సంఘం నిధిలోంచి పెట్టుకున్నారు. అతను మంచం మీద ఉన్న వారాల్లో రోజుకూలిలో కొంత భాగం కూడా ఇంటికి చేరిందని తరువాత తెలిసింది. నన్ను ఏమీ డిమాండు చేయలేదు, నాకు తోచింది నేను ఇచ్చాను. సభ్యుల జబ్బుకు, ప్రమాదానికి, ముసలితనానికి సంఘం సాధారణ నిధిని ఖర్చు చేయవచ్చని 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టమే చెప్పింది. పీఎఫ్, ఈఎస్ఐ లాంటివేవీ లేని మనిషికి ఆ పూట ప్రభుత్వమూ, యజమానీ, బీమా కంపెనీ అన్నీ ఆ సంఘమే అయింది. ఇక్కడికి నేను ఇచ్చే మార్కులు ఐదుకి ఐదు.

పేచీ వచ్చింది సామాన్లు తెచ్చుకున్న రోజున. రాజమహేంద్రవరంలోని ఒక దుకాణంలో మంచాలు, బీరువాలు కొన్నాము. సొంత వ్యానులో తెచ్చి, తమ మనుషుల చేతనే పైఅంతస్తులో బిగించి ఇవ్వడం ఆ ధరలోనే కలిసి ఉంది. వ్యాను గట్టు మీద ఆగేసరికి జట్టు మనుషులు నలుగురు వచ్చి, ఊళ్లో దిగే సరుకు తమదేనని, తామైనా దించాలి, లేదా తమ కూలిలో సగమైనా ఇవ్వాలని నిలబడ్డారు. బిగింపు వాళ్లే చేయాలి, గీత పడితే గ్యారంటీ పోతుందని చెప్పినా వినలేదు. వ్యాను తలుపు తెరవనివ్వలేదు. మేస్త్రీ వచ్చాక మాట కాస్త మెత్తబడింది గాని, అడిగింది మారలేదు.

‘మేస్త్రీ గారూ, చేయని పనికి కూలి ఏమిటండి?’ అన్నాను.

‘ఆయ్, చిన్న సామానే కదా అని ఈయాల మేం ఊరుకుంటామండి. రేపు మిల్లు గేటు కాడ కూడా ఇదే మాటంటారు. బయటోళ్లని సగం కూలికి తెచ్చి దింపుకుంటారు. అప్పుడు మా గోడ మీద రేట్లకి ఇలువేముంటదండి?’ అన్నారాయన.

ఇరుగుపొరుగు వారు ఇచ్చి పంపేయమన్నారు. కొంత తగ్గించి ఇచ్చాను. రసీదు అడిగితే దీనికి రసీదు ఉండదన్నారు. బస్తాకు 8 రూపాయల చొప్పున లెక్క కట్టి ముద్ర వేసి ఇచ్చే సంఘం ఈ డబ్బుకు ముద్ర వేయలేకపోయిందంటే, ఇది తమ లెక్కల్లో కూర్చోని వసూలని వారికీ తెలుసు.

మేస్త్రీ వాదన కొట్టిపారేయదగినది కాదు. సంఘం లేని రోజుల్లో కూలివాడి గతి ఏమిటో, సంఘం పెట్టినవాడి గతి ఏమిటో మన పాత మద్రాసు రాష్ట్ర చరిత్రలోనే ఉంది. 1918లో బి.పి. వాడియా ముందుండి మద్రాసు లేబర్ యూనియన్ పెట్టారు. తరువాత బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లు వివాదంలో యాజమాన్యం ఆయన మీద, ఆయన తోటివారి మీద హైకోర్టులో దావా వేసి నిషేధపు ఉత్తర్వు తెచ్చింది. కార్మికులను పనికి వెళ్లవద్దనడమే అప్పటి న్యాయస్థానం కంటికి చట్టవిరుద్ధంగా కనిపించింది. ఆ దెబ్బ తరువాతే, సంఘాలకు చట్టరక్షణ కావాలని కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి 1921లో కేంద్ర శాసనసభలో తీర్మానం పెట్టారు, 1926లో చట్టం వచ్చింది. సమ్మె చేయాలని కలిసి అనుకున్నంత మాత్రాన కుట్ర కేసు పెట్టకూడదని, దాని వల్ల వ్యాపారం దెబ్బతిన్నదని సివిలు దావా వేయకూడదని ఆ చట్టం రక్షణ ఇచ్చింది. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ రక్షణలు ఉన్నాయి.

కాని ఆ రక్షణకు 1926లోనే ఒక గీత గీశారు: సభ్యులు కలిసి చేసుకున్న ఒప్పందం నేరం చేయడానికైతే రక్షణ వర్తించదు. తక్కువ కూలికి మేము దించము, మీ సరుకు లారీలోనే ఉండనివ్వండి అని జట్టు మొత్తం చేతులు కట్టుకుని కూర్చుంటే అది వారి హక్కు. నాకు ఎంత నష్టమైనా నేను భరించాలి, లేదా వారితో మాట్లాడుకోవాలి. నా మనుషులు నా సామాను దించుకుంటుంటే తలుపుకు అడ్డం నిలబడడం వేరు. మొదటిదానిలో వారు తమ శ్రమను అమ్మనంటున్నారు. రెండోదానిలో నా గుమ్మాన్ని నాకే అమ్ముతున్నారు. మిల్లరు బయటివారిని సగం కూలికి తెస్తాడన్న భయం నిజమే అయితే, దాని మందు మిల్లర్లతో రాసుకునే ఒప్పందంలో ఉండాలి. ఏటా వేల బస్తాలు దింపుకుని లాభం చేసుకునే మిల్లు గేటుకూ, జీవితంలో ఒక్కసారి బీరువా తెచ్చుకునే ఇంటి గుమ్మానికీ ఒకే న్యాయం పెట్టడం వల్ల సంఘానికి వచ్చే డబ్బు స్వల్పం, పోయే సానుభూతి చాలా ఎక్కువ. మా వీధిలో ఈ జట్టు గురించి మాట వస్తే ఆ కాలివేళ్ల సంగతి ఎవరికీ గుర్తు లేదు; వ్యాను తలుపు సంగతి అందరికీ గుర్తుంది.

ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చింది కాదు. కేరళలో బరువులు మోసే కార్మికుల కోసం 1978లోనే ప్రత్యేక చట్టం చేశారు. అయినా చూస్తూ నిలబడినందుకు వసూలు చేసే ‘నోక్కుకూలి’ పెరిగిపోయి, చివరకు కార్మిక పక్షమని చెప్పుకునే ప్రభుత్వమే 2018 మే 1 నుంచి దాన్ని నిషేధించింది. మహారాష్ట్ర 1969లోనే మాథాడీ (తల మీద బరువులు మోసే), హమాలీ కార్మికుల చట్టం తెచ్చి, కార్మికుల నమోదు, కూలి వసూలు, సంక్షేమ నిధి బోర్డుల చేతికి ఇచ్చింది. అక్కడా ఫిర్యాదులు లేకపోలేదు గాని, డబ్బు లెక్కల్లోకి వస్తుంది, మనిషికి సెలవు, బోనసు, ముసలితనానికి కాస్త ఆసరా ఉంటాయి. మన మిల్లుల రోడ్డులో పనిచేసేవారికి అలాంటి బోర్డు ఉంటే నేను ఇచ్చిన రసీదు లేని డబ్బుకు చోటే ఉండేది కాదు.

మరో మాట కూడా చెప్పాలి. జట్టులో చోటు తండ్రి నుంచి కొడుక్కో, మామ నుంచి అల్లుడికో పోతుంది తప్ప కొత్తవాడికి దొరకడం కష్టం. మిల్లుల్లో గింజలు ఊడ్చి, చెరిగి, సంచులు కుట్టే ఆడవాళ్లు అదే గేటులోంచి వచ్చిపోతున్నా, ఈ పట్టికలో వారి పనికి ఒక్క వరుస కూడా లేదు. గోడ మీద అంత ఖాళీ ఉండగా ఆ వరుస ఎందుకు రాయలేదని అడిగితే, వాళ్లు జట్టు కాదు కదండీ అన్నారు. మిగిలినవారిని బయట నిలబెట్టి తలుపు వేసుకున్న సంఘం, బయటివారు వస్తారన్న భయంతోనే బతకవలసి వస్తుంది.

ఇక వాడుకునేవారికి పనికొచ్చే విషయాలు. ఏప్రిల్, మే నెలల్లో దాళ్వా కోతలకు, నవంబరు, డిసెంబరుల్లో సార్వా కోతలకు జట్టంతా కళ్లాల మీద, మిల్లుల్లో ఉంటుంది. ఆ వారాల్లో సిమెంటు లారీ తెప్పిస్తే సాయంత్రం దాకా గట్టు మీదే ఉంటుంది. 2025 జూలై 9 దేశవ్యాప్త సమ్మె రోజున పని ఆపుతామని ముందే బోర్డు మీద రాసిపెట్టారు, ఇంటికి వచ్చి చెప్పారు కూడా. అందువల్ల ఇనుము లోడు ఒక రోజు వెనక్కు జరుపుకోగలిగాను. మేడ మీదికి ఎక్కించాలంటే, దూరం మోయాలంటే లారీ రాకముందే మేస్త్రీతో చెప్పి లెక్క రాయించుకోండి. దుకాణం వారి మనుషులే దించి బిగించే సామాను ఉంటే, ముందురోజే షెడ్డుకు వెళ్లి మాట్లాడుకుంటే గట్టు మీద గొడవ తప్పుతుంది. మా ఎదురింటివారు అలా చేసి ఏమీ ఇవ్వకుండా ఫ్రిజ్జు దింపుకున్నారు. ఏ డబ్బు ఇచ్చినా రసీదు అడగండి.

మొత్తం మీద ఐదుకి మూడున్నర ఇస్తాను. ప్రహరీ గోడకు ఇటుక రావలసి ఉంది. మేస్త్రీకి ఫోను చేస్తే, ఉగాది లోపు తెప్పించుకోండి, ఆ తరువాతైతే దాళ్వా ధాన్యం అయ్యేదాకా మనుషులను ఇవ్వలేమన్నారు.